91.3 నుంచి 97.7 దాకా: ఒహాయోలో రాక్ రేడియో దారి

శుక్రవారం, క్లీవ్‌ల్యాండ్

క్లీవ్‌ల్యాండ్ వెళ్లినవాళ్లంతా ముందు ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కే పోతారు. ఐ.ఎం.పే గీసిన గాజు పిరమిడ్, 1995లో తెరిచారు, టికెట్ 40 డాలర్లకు కాస్త అటూ ఇటూ. గిటార్లు, కోట్లు, చేతిరాత కాగితాలు బోలెడు. మూడు గంటలు చాలు. రేడియో సంగతి తెలుసుకోవాలంటే మాత్రం మ్యూజియం కన్నా యూక్లిడ్ అవెన్యూ మేలు. ఆ రోడ్డు వెంట నడిచే హెల్త్‌లైన్ బస్సుకి టికెట్ రెండున్నర డాలర్లు, రోజంతా తిరిగే పాస్ 5 డాలర్లు. చాలాసార్లు దిగి ఎక్కాల్సి ఉంటుంది కాబట్టి పాస్ తీసుకోవడమే లాభం.

మొదట ఒక వీధి పక్కకు నడిచి 300 ప్రాస్పెక్ట్ అవెన్యూ చూడాలి. లియో మింట్జ్ నడిపిన రికార్డ్ రాందేవూ అనే రికార్డుల కొట్టు ఇక్కడే ఉండేది. నల్లవాళ్ల రిథమ్ అండ్ బ్లూస్ రికార్డులను తెల్ల కుర్రాళ్లు కూడా కొంటున్నారని గల్లాపెట్టె దగ్గర కనిపెట్టింది మింట్జే. డబ్ల్యూజేడబ్ల్యూ స్టేషన్లో పనిచేసే అలన్ ఫ్రీడ్‌ను ఒప్పించి, ఖర్చు తను పెట్టుకుని, 1951లో అర్ధరాత్రి వేళ అవే పాటలు వేయించాడు. 1952 మార్చి 21న ఫ్రీడ్ పెట్టిన మూన్‌డాగ్ కొరొనేషన్ బాల్ అనే కచేరీకి, దాదాపు 10,000 మంది పట్టే క్లీవ్‌ల్యాండ్ అరీనా ముందు అంతకు రెట్టింపు జనం వచ్చిపడ్డారు. తలుపులు విరిగాయి, మొదటి పాటలతోనే పోలీసులు ఆపేశారు. ఆ అరీనాను 1977లో కూల్చేశారు. ఇప్పుడక్కడ రెడ్‌క్రాస్ భవనం ఉంది.

తప్పుదారి పట్టే చోటు ఒకటుంది. 1978 ఆగస్టు 9న బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ పాడగా ఈ ఊరి రాక్ స్టేషన్ డబ్ల్యూఎంఎంఎస్ తన పదో పుట్టినరోజు కానుకగా నేరుగా ప్రసారం చేసిన అగోరా హాలు కోసం జనం 5000 యూక్లిడ్ దగ్గర దిగి ఫోటోలు తీసుకుంటారు. అది కొత్త అగోరా. పాతది తూర్పు 24వ వీధిలో, యూనివర్సిటీ పక్కన ఉండేది. 1984లో మంటలంటుకుని పోయింది.

డబ్ల్యూఎంఎంఎస్ లాంటి ఎఫ్ఎంలకు ఆ రోజుల్లో అంత సీను ఎలా వచ్చిందంటే, 1960ల మధ్యలో ఎఫ్‌సీసీ, అంటే రేడియోలకు లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ, ఒక నిబంధన పెట్టింది. పెద్ద ఊళ్లలో ఒకే యజమానికి ఏఎం, ఎఫ్ఎం రెండూ ఉంటే, ఏఎంలో వచ్చిందే ఎఫ్ఎంలో సగం సమయానికి మించి వేయకూడదు. ఎఫ్ఎంలో వేరే ఏదో ఒకటి వేయాలి, దాని మీద డబ్బు పెట్టడం యజమానికి ఇష్టం లేదు. కుర్రాళ్లకు తక్కువ జీతమిచ్చి మీ ఇష్టమొచ్చింది వేసుకోండన్నారు. పొడుగాటి ఆల్బం పాటలు అలా గాల్లోకి ఎక్కాయి. యజమానుల నిర్లక్ష్యం చేసిన మేలు అది.

అదే రోడ్డు మీద క్లీవ్‌ల్యాండ్ స్టేట్ యూనివర్సిటీ. తెలుగువాళ్లకు దీన్ని పరిచయం చేయక్కర్లేదు. 1978 నుంచి ఈ ఊళ్లో ఏటా జరిగే త్యాగరాజ ఆరాధనకు ఈ ప్రాంగణమే వేదిక, ఈస్టర్ రోజుల్లో వస్తే కారిడార్లలో పంచెకట్లూ పట్టుచీరలూ కనిపిస్తాయి. ఇదే యూనివర్సిటీకి 89.3 మీద డబ్ల్యూసీఎస్‌బీ అని విద్యార్థుల రేడియో 1976 నుంచి ఉండేది. పంక్, నాయిస్, వలస కుటుంబాల భాషల కార్యక్రమాలు, ఎవరికి తోచింది వారు వేసేవారు. 2025 అక్టోబర్ 3న యూనివర్సిటీ ఆ స్టేషన్ నిర్వహణను ఐడియాస్ట్రీమ్ పబ్లిక్ మీడియాకు అప్పగించింది. ఆ రోజు నుంచే అందులో జాజ్ వస్తోంది. జాజ్ మీద ఎవరికీ కోపం లేదు. లైసెన్సు విద్యార్థుల పేరిట కాక యూనివర్సిటీ పేరిట ఉన్నప్పుడు, అరువు ఇల్లు ఖాళీ చేయమనడానికి ఎంతసేపూ పట్టదని మాత్రం అందరికీ తెలిసొచ్చింది.

సాయంత్రం బస్సులో యూనివర్సిటీ సర్కిల్ దాటి లేక్‌వ్యూ శ్మశానానికి. ప్రవేశం ఉచితం, గేటు దగ్గర మ్యాప్ అడిగితే ఇస్తారు. అందరూ గార్ఫీల్డ్ స్మారకం, రాక్‌ఫెల్లర్ స్తంభం చూసి వెళ్లిపోతారు. ఫ్రీడ్ చితాభస్మం 2002 నుంచి హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉండేది. 2014లో దాన్ని తీసుకెళ్లమన్నారు. 2016లో ఇక్కడ, జూక్‌బాక్స్ ఆకారంలో చెక్కిన రాయి కింద పెట్టారు. కొండ దిగితే లిటిల్ ఇటలీ. అక్కడి బేకరీల్లో క్లీవ్‌ల్యాండ్ రకం కసాటా కేకు తినాలి. మనకు తెలిసిన మూడు రంగుల ఐస్‌క్రీం కాదు, మెత్తటి కేకు పొరల మధ్య కస్టర్డూ స్ట్రాబెర్రీలూ, పైన క్రీము. ముక్క ఇద్దరికి సరిపోతుంది.

శనివారం, వెస్ట్ సైడ్ మార్కెట్, అక్కణ్నించి ఏక్రన్

1912 నాటి మార్కెట్. పొద్దున పదిలోపు వెళ్లకపోతే కాలు పెట్టే చోటుండదు. మంగళ, గురువారాలు సెలవు. బ్రాట్‌వర్స్ట్ కొట్టు దగ్గర వరసలో నిలబడినప్పుడే గట్టి బన్నా మెత్తటి బన్నా, ఆవముద్ద వేయాలా, పులిసిన క్యాబేజీ వేయాలా తేల్చుకుని ఉండాలి. కౌంటర్ ముందుకొచ్చి ఆలోచిస్తే అమ్మే ఆవిడ మీ వెనకవాడి ముఖం చూస్తుంది. శాకాహారులకు పియెరోగీ ఉన్నాయి. పిండి పొరలో బంగాళదుంప, చీజ్ కూరి ఉడికించి, వెన్నలో ఉల్లిపాయతో వేయించి ఇస్తారు. కొన్ని కొట్లలో నగదే తీసుకుంటారు, చిల్లర దగ్గర పెట్టుకోండి.

కారు ఎక్కగానే డయల్ పని మొదలవుతుంది. ఏ ఊళ్లోనైనా రేడియో ఆరోగ్యం తెలుసుకోవడానికి తేలికైన పరీక్ష ఇది: గంట మారేటప్పుడు, నిమిషాల ముల్లు 58 దగ్గరున్నప్పటి నుంచి చెవి పెట్టండి. ప్రతి స్టేషనూ గంటకోసారి తన కాల్ లెటర్లూ (డబ్ల్యూఎంఎంఎస్ లాంటి అక్షరాల పేరు), వెంటనే లైసెన్సు ఉన్న ఊరి పేరూ చెప్పి తీరాలి. అది చట్టం. బోర్డు మీద, ప్రకటనల్లో ఏ పేరు పెట్టుకున్నా ఆ ఒక్క క్షణం నిజం చెబుతుంది. రెండోది, మాటల్లో టైమ్, వాన, ఫలానా బ్రిడ్జి మీద ట్రాఫిక్ వస్తున్నాయా లేదా గమనించాలి. పాట పేరు, హాలీవుడ్ కబురు, మళ్లీ పాట, ఇంతే అయితే అది వాయిస్ ట్రాకింగ్.

వాయిస్ ట్రాకింగ్ ఎలా చేస్తారంటే, పాటల వరస సాఫ్ట్‌వేర్ ముందే వేసిపెడుతుంది. అనౌన్సర్ ఎక్కడో ఒక గదిలో కూర్చుంటారు. హెడ్‌ఫోన్లో అయిపోతున్న పాట ఆఖరి సెకన్లు, రాబోయే పాట మొదటి సెకన్లు మాత్రం వినబడతాయి. గాయకుడి గొంతు మొదలయ్యేలోపు ఎన్ని సెకన్లున్నాయో తెరమీద అంకె ఉంటుంది. ఆ సందులో నాలుగు ముక్కలు చెప్పి బటన్ నొక్కితే నేరుగా తర్వాతి సందుకు దూకుతుంది. నాలుగైదు గంటల షిఫ్టు అరగంట, ముప్పావు గంటలో అయిపోతుంది. మిగిలిన టైమ్‌లో ఇంకో మూడు ఊళ్లకు. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే తుఫానొచ్చిన రాత్రి. స్టేషన్లో ఫోనెత్తే మనిషి ఉండడు. 2002 జనవరిలో నార్త్ డకోటాలోని మైనాట్‌లో రైలు పట్టాలు తప్పి అమ్మోనియా ఊరిమీద పడ్డప్పుడు ఆ ఊళ్లోని ఆరు కమర్షియల్ స్టేషన్లూ ఒకే కంపెనీవి. సమయానికి హెచ్చరిక ఎందుకు రాలేదన్న గొడవ చాలాకాలం నడిచింది.

ఒకే కంపెనీకి అన్ని స్టేషన్లు ఎలా వచ్చాయంటే 1996 టెలికమ్యూనికేషన్స్ చట్టం. అప్పటిదాకా దేశం మొత్తం మీద ఒకరికి 20 ఏఎం, 20 ఎఫ్ఎం దాకానే. చట్టం ఆ హద్దు ఎత్తేసింది. పెద్ద ఊరైతే ఒక్కరే ఎనిమిది పెట్టుకోవచ్చంది. క్లియర్ చానల్ అనే కంపెనీ 1,200 స్టేషన్లు దాటింది. 2008లో అప్పు చేసి ఆ కంపెనీని కొన్నారు, ఆ అప్పు కంపెనీ నెత్తినే పడింది. 2014లో ఐహార్ట్‌మీడియా అని పేరు మార్చారు, 2018లో 20 బిలియన్ డాలర్లకు పైగా అప్పుతో దివాలా కోర్టుకెక్కింది. మిగతా పెద్ద రేడియో కంపెనీల్లో క్యుములస్ 2017లో, ఆడసీ 2024లో అదే మెట్లెక్కాయి. శ్రోతలు పోయారు కాబట్టి స్టేషన్లు పోయాయని చెప్పేవాళ్లు ఈ వడ్డీ లెక్క చెప్పరు. వడ్డీ కట్టడానికి ముందు రాత్రి షిఫ్టు పోయింది, తర్వాత మధ్యాహ్నం షిఫ్టు, చివరికి ఊరి బ్యాండ్ల గురించి తెలిసిన మనిషి పోయాడు. డబ్ల్యూఎంఎంఎస్ 100.7 మీద ఇప్పటికీ ఉంది, దాని గుర్తయిన గద్ద బొమ్మా ఉంది. పొద్దున మీరు వినేది ఎక్కువగా కబుర్ల షో.

ఏక్రన్ దగ్గరికొస్తుండగా 91.3కి తిప్పండి. ది సమ్మిట్. లైసెన్సు ఏక్రన్ పబ్లిక్ స్కూల్స్‌ది, అంటే ఊరి బడులది. ఈ ఊరివాళ్లే అయిన డీవో, బ్లాక్ కీస్, పక్క వీధి కుర్రాళ్ల బ్యాండు, అన్నీ ఒకే గంటలో వస్తాయి. ఆదాయం శ్రోతల చందాలు, స్పాన్సర్ల పేర్ల ప్రకటన. చందాల వారంలో మాటలెక్కువై విసుగొస్తుంది, ఓర్చుకోవాలి. అదే డయల్ మీద 97.5లో డబ్ల్యూఓఎన్ఈ, ఊరి కంపెనీ చేతిలోనే ఉన్న కమర్షియల్ రాక్ స్టేషన్. ఇలాంటివి ఇప్పుడు అరుదు.

రాత్రి భోజనం స్వెన్సన్స్‌లో. 1934 నుంచి ఉన్న డ్రైవ్-ఇన్. కారాపి హెడ్‌లైట్లు వేసి ఉంచితే కుర్రాడు పరిగెత్తుకుంటూ వస్తాడు. నడవడం కాదు, నిజంగానే పరుగు, ఆర్డరిచ్చాక వెనక్కీ పరుగే. ట్రే కిటికీకి తగిలిస్తారు కాబట్టి అద్దం పూర్తిగా దించకండి. గ్యాలీ బాయ్ బర్గర్ మీద పుల్లకు గుచ్చిన ఆలివ్ ఉంటుంది. మాంసం వద్దనుకుంటే పొటాటో టీజర్లు, చీజూ హాలపీన్యో మిరపా వేసిన బంగాళదుంప ముద్దలు, మన నాలుకకు బాగానే పడతాయి. అయిపోయాక మళ్లీ లైట్లు వేస్తే ట్రే తీసుకెళ్తాడు. ఆ పరుగు చూశాక టిప్పు తగ్గించడానికి చెయ్యి రాదు.

ఆదివారం, కొలంబస్ మీదుగా యెల్లో స్ప్రింగ్స్

డయల్ 91.3 దగ్గరే వదిలేసి ఐ-71 మీద నైరుతికి వెళ్లండి. సమ్మిట్ కాసేపటికే గరగరమంటుంది, తర్వాత మాయమవుతుంది. కారు రేడియోలో హెచ్‌డీ, అంటే డిజిటల్ రేడియో, ఉంటే ఇంకో విషయం తెలుస్తుంది: హెచ్‌డీ2, హెచ్‌డీ3 అని కనిపించే ఉప చానళ్లు మామూలు సిగ్నల్ కన్నా ముందే తెగిపోతాయి. డిజిటల్ సిగ్నల్‌కు ఇచ్చే పవర్ అసలు సిగ్నల్‌లో నూటికి ఒకటి నుంచి పది వంతులే. పెద్ద కంపెనీలు కొత్త రాక్‌ను ఈ మూలగదుల్లోకి తోసి, అక్కణ్నించి ట్రాన్స్‌లేటర్ అనే 250 వాట్ల చిన్న రిలే ట్రాన్స్‌మిటర్ మీద ఊళ్లో వినిపిస్తుంటాయి. ఊరి పొలిమేర దాటితే అదీ లేదు. డల్లాస్, హ్యూస్టన్ వైపు మన దేశపు భాషల చానళ్లు కొన్ని బతుకుతున్నదీ ఇలాంటి ఉప చానళ్ల మీదే.

కొలంబస్‌లో డబ్లిన్, పావెల్ వైపు తెలుగు కుటుంబాలు ఎక్కువ, ఇడ్లీ దోశలకు లోటు లేదు. అక్కడి కార్లలో రేడియో పెట్టేవాళ్లు కనిపించరు, ఎక్కగానే ఫోను బ్లూటూత్‌కి కలుస్తుంది. ఈ ఊరి ఇండిపెండెంట్ రాక్ స్టేషన్ డబ్ల్యూడబ్ల్యూసీడీ కథ ఫ్రీక్వెన్సీల వరసలోనే ఉంది: 1990లో 101.1, దాన్ని అమ్మి 2010లో 102.5కి, 2020లో 92.9కి, 2024 ఫిబ్రవరికి అదీ పోయి ఇంటర్నెట్‌కి. చివరి ఏళ్లు అద్దె ఫ్రీక్వెన్సీల మీద నడిచాయి. ప్రతిసారీ శ్రోత కారులో బటన్ మార్చుకోవాలి. మార్చుకోనివాళ్లు ఎంతోకొంతమంది ప్రతిసారీ రాలిపోతారు.

ఐ-70 మీద పడమరకు పోయి స్ప్రింగ్‌ఫీల్డ్ దగ్గర దక్షిణానికి తిరిగితే 91.3 మీద మళ్లీ జీవం వస్తుంది. ఈసారి అది డబ్ల్యూవైఎస్ఓ, యెల్లో స్ప్రింగ్స్. 1958లో యాంటియోక్ కాలేజీ పెట్టింది. 2019లో ఊరివాళ్ల లాభాపేక్ష లేని సంస్థ ఒకటి లైసెన్సును కాలేజీ నుంచి 35 లక్షల డాలర్లకు కొనుక్కుంది. వార్తలతో పాటు పాటలకూ చోటుంది, పాటలు ఎంచేది మనుషులే. ఊరి శివార్లలో యంగ్స్ జెర్సీ డైరీ, ఐస్‌క్రీం తింటూ మేకలకు మేత పెట్టొచ్చు. ఆదివారం లైను పొడుగు, కానీ త్వరగా కదులుతుంది.

సోమవారం, ఆక్స్‌ఫర్డ్

డేటన్ దాటి, ఈటన్ నుంచి 732 నంబరు రోడ్డు పట్టుకుంటే మొక్కజొన్న చేలు, కొట్టాలు, తర్వాత ఉన్నట్టుండి ఇటుకలు పరిచిన హై స్ట్రీట్. మయామీ యూనివర్సిటీ ఊరు. బేగెల్ అండ్ డెలీలో ఆవిరి మీద వేడిచేసిన బేగెల్‌లో ఏదైనా కూరి పది డాలర్లలోపు ఇస్తారు. జాబితా గోడంతా ఉంటుంది. చదవడం మొదలుపెడితే వెనక విద్యార్థులు నిట్టూరుస్తారు.

డగ్, లిండా బలో దంపతులు 1981లో ఇక్కడి చిన్న స్టేషన్‌ను 3,75,000 డాలర్లకు కొన్నారు. 1983లో దాన్ని 97.7 మీద కొత్త రాక్ వేసే డబ్ల్యూఓఎక్స్‌వైగా, 97ఎక్స్‌గా మార్చారు. అప్పటికి ఇలాంటి కమర్షియల్ స్టేషన్లు దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 1988 నాటి రెయిన్ మ్యాన్ సినిమాలో డస్టిన్ హాఫ్‌మన్ పాత్ర పదేపదే వల్లించే నినాదం ఈ స్టేషన్‌దే. ఏటా మెమోరియల్ డే వారాంతంలో 500 పాటలు వరసగా వేసేవారు.

దీన్ని చంపింది నష్టాలు కాదు. 97.7 తక్కువ పవర్ ఉండే క్లాస్ ఏ రకం స్టేషన్, చేరేది సుమారు 28 కిలోమీటర్లు. ఆక్స్‌ఫర్డ్‌లో ఉంటే దానికి దొరికేది కాలేజీ ఊరూ, చేలూ. అదే ఫ్రీక్వెన్సీని లైసెన్సు ఊరు మార్చించి సిన్సినాటి శివారుకి జరిపితే లక్షల మంది దాని కిందికి వస్తారు. ఇలా జరపడమే పనిగా పెట్టుకున్న ఫస్ట్ బ్రాడ్‌కాస్టింగ్ 2004లో 56 లక్షల డాలర్లిచ్చి కొంది. హైవే పక్క టిఫిన్ హోటల్ ఎంత బాగా నడిచినా, కింద స్థలం ధర ఇడ్లీల లాభానికి అందనంత పెరిగితే ఏమవుతుందో ఇక్కడా అదే అయింది. ఇప్పుడు 97.7 లైసెన్సు ఊరు మేసన్, వచ్చేది స్పానిష్ పాటలు. గంట మారేటప్పుడు వినండి, పాత కాల్ లెటర్లే చెబుతారు.

97ఎక్స్ అక్కడితో ఆగలేదు, 2004లోనే ఇంటర్నెట్‌కి ఎక్కింది. అక్కడ లెక్క తిరగబడింది. అమెరికాలో గాల్లో పాట వేసే స్టేషన్ పాట రాసినవాళ్లకే రాయల్టీ కడుతుంది, పాడినవాళ్లకూ రికార్డు కంపెనీకీ కట్టదు. ఇంటర్నెట్ స్టేషన్ రెండూ కట్టాలి. రెండోది వినేవాళ్ల సంఖ్యను బట్టి పాటపాటకూ పెరుగుతుంది. టవర్ నుంచి ఒకరు విన్నా లక్షమంది విన్నా కరెంటు బిల్లు ఒకటే. ఇంటర్నెట్‌లో ప్రతి కొత్త శ్రోతా కొత్త ఖర్చు. 2006లో మూతపడే దాకా వచ్చి కొత్త డబ్బుతో గట్టెక్కింది, 2009లో చేతులు మారి ఆస్టిన్‌కి వెళ్లింది, 2010 మార్చిలో ఆగిపోయింది. రేడియో భవిష్యత్తంతా ఇంటర్నెట్‌లోనే ఉందని తేలిగ్గా చెప్పేవాళ్లకు ఈ ఆరేళ్ల కథ చూపించాలి.

మంగళవారం, సిన్సినాటి

యూఎస్ 27 నేరుగా ఊళ్లోకి దింపుతుంది. మధ్యాహ్నం స్కైలైన్‌లో త్రీ-వే: స్పఘెట్టీ మీద దాల్చినచెక్క వాసనొచ్చే మాంసపు చిల్లీ, దానిమీద గుట్టగా చీజు తురుము. ఫోర్క్‌తో చుట్టకూడదు, ముక్కలుగా కోసుకు తినాలి. చుట్టడం మొదలుపెడితే బయటివాళ్లని వెయిట్రెస్‌కి తెలిసిపోతుంది, నవ్వి ఊరుకుంటుంది.

ఇక్కడి డబ్ల్యూఈబీఎన్ 102.7 1967లో ఫ్రాంక్ వుడ్ కుటుంబం మొదలుపెట్టిన స్టేషన్. 1977లో పదో పుట్టినరోజుకి ఒహాయో నది మీద బాణసంచా కాల్చింది. లేబర్ డే వారాంతపు ఆ ఆనవాయితీ ఊరి పండగైపోయింది. తర్వాత జాకోర్ అనే స్థానిక కంపెనీ దాన్ని కొంది. 1999లో జాకోర్‌నే క్లియర్ చానల్ మింగింది. ఏ పాటలు వేయాలో తేల్చుకోవడానికి ఇలాంటి స్టేషన్లు ఊళ్లో సర్వే ఎలా చేసేవంటే, హాల్లో జనాన్ని కూర్చోబెట్టి ఒక్కో పాటలో బాగా తెలిసిన ఏడెనిమిది సెకన్ల ముక్క వినిపించి మార్కులు వేయించడం. తెలియని పాటకు ఏడు సెకన్లలో ఎవరూ మార్కులు వేయరు. అందుకే ఏ ఊరి క్లాసిక్ రాక్ విన్నా అవే కొన్ని వందల పాటలు. మన హైదరాబాద్, విజయవాడ ప్రైవేటు ఎఫ్ఎంలు మార్చి మార్చి అవే సినిమా హిట్లు వేయడం చూసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు.

నది అవతల కెంటకీ వైపు నార్తర్న్ కెంటకీ యూనివర్సిటీకి 89.7 మీద డబ్ల్యూఎన్‌కేయూ ఉండేది, ఊరి బ్యాండ్లకు పెద్ద దిక్కు. 2017లో యూనివర్సిటీ దాన్ని 19 లక్షల డాలర్లకు బైబిల్ బ్రాడ్‌కాస్టింగ్ నెట్‌వర్క్‌కి అమ్మింది. షికాగోలో ది లూప్ 97.9 కూడా 2018లో 215 లక్షల డాలర్లకు కే-లవ్ అనే మరో భక్తి నెట్‌వర్క్ చేతికి వెళ్లింది. భక్తి నెట్‌వర్కులకు స్టేషన్ కొనడం తేలిక, ఒక్కచోట తయారైన కార్యక్రమాన్ని శాటిలైట్ ద్వారా వందల టవర్లకు పంపుతాయి. ప్రతి స్టేషన్‌కూ ఊళ్లో ఒక స్టూడియో ఉండాలన్న నిబంధనను ఎఫ్‌సీసీ 2017లో ఎత్తేశాక ఊళ్లో గదీ అక్కర్లేదు, మనిషీ అక్కర్లేదు.

సాయంత్రం 88.3కి తిప్పితే డబ్ల్యూఏఐఎఫ్. 1975 నుంచి వాలంటీర్లు నడుపుతున్నారు, లైసెన్సు ఉన్న సంస్థ పేరు స్టెప్‌చైల్డ్ రేడియో ఆఫ్ సిన్సినాటి. గంటకో రకం సంగీతం. ఒకరి తర్వాత ఒకరు స్టూడియోకి ఆలస్యంగా రావడం, మధ్యలో రెండు నిమిషాలు నిశ్శబ్దం మామూలే. కొత్తగా మొదలుపెట్టాలనుకునే వాళ్లకు మిగిలిన దారి లో-పవర్ ఎఫ్ఎం: 100 వాట్లు, 30 మీటర్ల ఎత్తు యాంటెన్నా, చుట్టూ దాదాపు 5.6 కిలోమీటర్ల దూరం దాకా, ఓ పేటకు సరిపడా సిగ్నల్. ప్రకటనలు అమ్మకూడదు, స్పాన్సర్ పేరు చెప్పి థాంక్స్ చెప్పొచ్చు. డయల్ మీద అటూ ఇటూ రెండేసి మెట్ల దాకా ఉన్న పక్క స్టేషన్లతో ఎడం చూసుకోవాలి, పెద్ద ఊళ్లలో ఆ ఖాళీ దొరకడమే కష్టం. దరఖాస్తుల కిటికీ పదేళ్లకోసారి తెరుస్తున్నారు, 2013లో, మళ్లీ 2023 డిసెంబర్‌లో. ఈ లైసెన్సును వేరొకరికి ఇచ్చినా, అందుకు పుచ్చుకునే డబ్బు ట్రాన్స్‌మిటరూ యాంటెన్నా లాంటి సామాన్ల తరుగు పోను మిగిలిన విలువను మించకూడదు.